నాణెం వెనక పేరు

టంకశాల గుమ్మంలో ఒక ముసలాయన నిలబడి పని అడిగాడు.

సేవార్డ్ సుత్తి దించి చూశాడు. ముసలాయన కుడిచెయ్యి మణికట్టు దగ్గర తెగి ఉంది.

సేవార్డ్ మొహం మాడ్చుకున్నాడు. దొంగనాణెం కొట్టినవాడి కుడిచెయ్యి నరకడం ఆ రోజుల్లో ఇంగ్లండు చట్టం.

"దొంగచేతికి ఇక్కడ పని లేదు తాతా."

"ఆ చెయ్యే లేదు కదా బాబూ, ఇక దొంగతనం ఎక్కడిది?"

సేవార్డ్ భార్య గోల్డివ్ పక్కున నవ్వింది. "ఉండనివ్వండి. కొలిమి తిత్తి ఊదడానికి ఎడంచెయ్యి చాలు. చలికి ఎలా వణుకుతున్నాడో చూడండి."

అలా ఉండిపోయాడు. గోల్డివ్ పోసిన బార్లీ జావ తాగుతూ, "ఉప్పు మరిచావు తల్లీ" అని రోజూ ఆటపట్టించేవాడు.

"చెయ్యి ఎందుకు పోయింది తాతా?" అని ఆమె ఒకసారి అడిగింది.

"రాజు మారాడు తల్లీ. వెండి మారలేదు."

"దొంగలందరూ అలాగే అంటారు" అన్నాడు సేవార్డ్, వెండి దిమ్మల పెట్టెకు తాళం వేస్తూ.

సేవార్డ్ మెడలో, గుడ్డసంచిలో, తండ్రి ఇచ్చిన పాత వెండినాణెం ఒకటి ఉండేది. కొట్టిన ప్రతి నాణేన్నీ దానితోనే తూచేవాడు.

"వెంట్రుకవాసి తేడా లేదు. ఎవరు కొట్టారో గానీ, కనిపిస్తే ఆ చెయ్యి కళ్ళకద్దుకుంటాను" అనేవాడు.

ఆ మాట వినపడినప్పుడల్లా ముసలాయన తిత్తి కాస్త గట్టిగా ఊదేవాడు.

రాజుగారూ, ఆయన మేనమామ కూతురు రాకుమారీ సింహాసనం నాదంటే నాదని కొట్టుకుంటున్న కాలమది. చలికాలం చివర ఊరు రాకుమారి వశమైంది. ఆమె దళపతి కొత్త అచ్చు తెచ్చి దాగలి మీద పడేశాడు.

"మా రాకుమారి బొమ్మతో నాణేలు కొట్టు. ఆదివారానికి కావాలి. లేదంటే నీ చెయ్యి ఉండదు."

అతను వెళ్ళాక సేవార్డ్ కూలబడ్డాడు.

"కొడితే రేపు రాజుగారి మనుషులొచ్చి నరుకుతారు. నాణెం వెనక కొట్టినవాడి పేరుండాలాయె! ఎక్కడ దాక్కోను?"

"అదే వెండి, అదే తూకం. బొమ్మ మారితే దొంగనాణెం ఎలా అవుతుందండీ? కానుక పెట్టెలో ఏది వేసినా దేవుడు తీసుకుంటాడే!" అంది గోల్డివ్.

"దేవుడికి సింహాసనం గొడవ లేదు కదే!"

ముసలాయన తిత్తి ఆపాడు.

"వెనక అచ్చులో నా పేరు చెక్కు బాబూ. నరికిన చేతిని మళ్ళీ నరకలేరుగా."

సేవార్డ్‌కు చదువు రాదు. ముసలాయన బూడిదలో వేలితో గీసిన గీతల్ని చూస్తూ, తిరగేసి అచ్చులో చెక్కాడు. ఆ నాలుగు రోజులూ మెడలోని నాణెం బయటికి తీయలేదు. దాని ముందు సిగ్గేసింది. మామూలు తూకపురాయితోనే పని కానిచ్చాడు.

ఈస్టర్ పండగ ముందు ఊరు మళ్ళీ రాజుగారి వశమైంది, ఆయన మనుషులు రానే వచ్చారు. అధికారి ఒక నాణెం తిప్పి చదివాడు.

"వుల్మర్ ఎవడు?"

ముసలాయన తెగిన చెయ్యి ఎత్తాడు. సైనికులు పడీ పడీ నవ్వారు.

"ఒంటిచేత్తో కొట్టావురా?"

"పేరెవరిదో తప్పు వాడిదని మీ చట్టమే కదా దొరా! కానివ్వండి."

అధికారి తల గోక్కున్నాడు. చట్టం అడిగేది కుడిచెయ్యి. ఉన్నది ఎడమది.

"వంతెన దాటించండి వీణ్ణి! మళ్ళీ ఊళ్ళో కనిపిస్తే తల తీస్తాను."

గోల్డివ్ రొట్టెమూట పట్టుకుని వెనకే పరిగెత్తింది. "ఉప్పు వేశాను తాతా!"

సేవార్డ్ గుమ్మం దాటలేదు.

సైనికులు వెళ్ళాక, దాగలి కింద దొర్లిపోయిన రాకుమారి నాణెం ఒకటి కనిపించింది. మెడలోని నాణేన్ని తీసి రెండింటినీ త్రాసులో వేశాడు. ముల్లు కదల్లేదు.

ఊరికే రెండింటినీ వెనక్కి తిప్పాడు.

రెండింటి మీదా అవే గీతలు. తన చేత్తో చెక్కినవే. మొదటి గీత నుంచి చివరిదాకా.

వంతెన దాకా పరిగెత్తాడు. అవతల దారి ఖాళీగా ఉంది.

కళ్ళకద్దుకోవాలని ఇన్నేళ్ళూ అనుకున్న చెయ్యి, ఆ తెగిన చెయ్యే.