చెవికాడ పెట్టిన ఫోను

ఆ ఆయా మొదటిరోజే తిరుపతమ్మకు నచ్చలేదు.

"రామస్వామికి పక్షవాతం వచ్చింది. నేనే దగ్గరుండి చూసుకుంటున్న" అని భీవండి నుంచి ఫోన్ చేసి చెప్పింది ఆమే. చూసుకునే మనిషి చూసుకోవాలి గానీ, అన్ని ఆరాలెందుకని తిరుపతమ్మ కోపం.

రామస్వామి ఆమెకు ఒక్కగానొక్క అన్న. నల్గొండ దగ్గరి పల్లె నుంచి ఇరవై ఏళ్లకే ముంబై దగ్గరి భీవండి మరమగ్గాలకు పోయి, అక్కడే ఉండిపోయాడు. పెళ్లికి తల్లి చూసిన పిల్లలెవరినీ ఒప్పుకోలేదు. ఎందుకో చెప్పలేదు.

తిరుపతమ్మ ఎల్బీనగర్‌లో కొడుకు మహేందర్ దగ్గర ఉంటోంది. రోజూ పొద్దున పదింటికి, కోడలు చేతికి పని తెమిలాక, ఫోన్ కలిపించుకునేది.

"ఫోన్ మా అన్న చెవికాడ పెట్టు."

"నాకు చెప్పుండ్రి, నేను చెప్త."

"నా మనవరాలు అడుగులేస్తున్నదని చెప్పు."

"అట్లనా. ఎన్ని అడుగులు?"

"నాలుగు."

"ఎవరి దిక్కు నడిచింది? తల్లి దిక్కా, మీ దిక్కా?"

ఇంకోరోజు మహేందర్ దిల్‌సుఖ్‌నగర్‌లో సెల్‌ఫోన్ల షాపు తెరిచాడని చెబితే, బోర్డు ఏం రంగని అడిగింది.

"దానికెందుకే మన ఇంటి ముచ్చట్లు?" ఫోన్ పెట్టేసి గొణిగింది తిరుపతమ్మ.

"పోనీ అత్తమ్మా. ఆమెకు మాత్రం పొద్దెట్ల పోతది?" అంది కోడలు అలేఖ్య.

తిరుపతమ్మ గొంతులో అడ్డం పడ్డ మాట వేరే ఉంది.

పన్నెండేళ్ల కింద తల్లి చనిపోయినప్పుడు రామస్వామి ఇంకా రైల్లోనే ఉన్నాడు. మబ్బు కమ్ముకొచ్చింది. "ఇగ ఆగొద్దు, ఎత్తుండ్రి" అన్నది తిరుపతమ్మే. సాయంత్రానికి దిగిన అన్నకు బూడిదే మిగిలింది. ఎవరితోనూ మాట్లాడకుండా తెల్లారి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు.

ఆ కోపం మీదనే పోతాడేమోనని ఆమె భయం.

ఒకరోజు ఆయా గొంతు బాగా తగ్గింది.

"డాక్టరు రెండు మూడు దినాలే అన్నడు."



"ఫోన్ చెవికాడ పెట్టి నువ్వు బయటికి పో. ఇది అన్నాచెల్లెండ్ల మాట."

"నేనుంటేనే..."

"పొమ్మంటున్న గదా."

 తలుపు దగ్గరికి వేసిన చప్పుడైంది.

"అన్నా, తప్పయింది" అని మొదలుపెట్టి, తిరుపతమ్మ అరగంట ఏడుస్తూ చెప్పింది. "నన్ను మాఫ్ చెయ్యకున్నా సరే, విన్నవంటే చాలు" అంది. అవతల నుంచి ఊపిరి మాత్రం వినిపించింది.

చాలా ఏళ్లకు ఆ పూట కడుపునిండా తిన్నది.

మూడోరోజు రామస్వామి పోయాడు. మోకాళ్ల నొప్పులతో తిరుపతమ్మ కదల్లేక మహేందర్‌ను పంపింది. మర్నాడు అతను ఫోన్ చేశాడు.

"అమ్మా, మామకు చెవులు వినపడవంట."

"పక్షవాతంతోటా?"

"కాదు. మగ్గాల సప్పుడుకు. ఈడ శానామందికి గింతేనంట. అమ్మమ్మ పోయిన ఏడే మొత్తం పోయినయంట. నువ్వు పరేషానైతవని చెప్పనియ్యలే."

"మరి నేను దినాం చెప్పినవన్నీ?"

"ఆమె చెప్తుండెనంట. మామ ఆమె మూతి చూసి తెలుసుకుంటుండె. పాప ఎట్ల నడిచిందో ఆమె గదిల నడిచి చూపెడితే నవ్విండంట."



"మరి ఆమెను బయటికి పంపి నేను చెప్పింది?"



"చెల్లె ఏమన్నదని మామ సైగ చేసి అడిగిండంట. నన్ను బయటికి పొమ్మన్నరు, నాకు తెల్వదని చెప్పిందంట."

తిరుపతమ్మ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. పన్నెండేళ్లు మోసిన మాట అన్నను చేరనే లేదు. చేర్చే మనిషిని తన నోటితోనే వెళ్లగొట్టింది.

"ఆమెకు ఫోనియ్యి బిడ్డా. కాళ్లు మొక్కుత."

"ఇప్పుడు మాట్లాడేటట్టు లేదమ్మా. ఈడ పెద్దమనుషులు నీకో మాట చెప్పుమన్నరు."

"ఏంది?"

"పదోదినం నాడు ఆమె గాజులు తీస్తరంట. పుట్టింటోళ్లు ఎవ్వరూ లేరు, చీర పెట్టనీకి ఆడబిడ్డవు నువ్వొక్కదానివే ఉన్నవంటున్నరు."