ఒక్క ఉద్యోగం

“మౌస్‌ని అంత గట్టిగా పట్టుకోకండి. అది ఎక్కడికీ పారిపోదు,” అన్నాడు కంప్యూటర్ మాస్టారు. నవ్వించబోయాడు గానీ తనకే నవ్వు రాలేదు.

నెలాఖరు ఇంకా పది రోజులే ఉంది. కమ్యూనిటీ హాలు సెక్రెటరీ మొన్ననే తెగేసి చెప్పాడు: “ఆర్నెల్లయింది. మీ దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఒక్కరికీ ఉద్యోగం రాలేదు. నెలాఖరుకి ఒక్కరికైనా రాకపోతే మాస్టారుని మార్చక తప్పదు.” ఆనాటి నుంచి అతనికి ముద్ద దిగడం లేదు. భార్యకి చెప్పే ధైర్యమూ లేదు. మాటిమాటికీ జేబులో గది తాళంచెవిని తడుముకుంటున్నాడు. అది ఎవరి జేబులో ఉంటే వాళ్లే ఆ గదికి మాస్టారు.

పన్నెండు మందిలో అతని ఆశంతా టైలరక్క మీదే. బట్టల ఫ్యాక్టరీ మూతపడి ఇక్కడికొచ్చింది. వేళ్లలో చురుకుంది.

“మాస్టారూ, ఒకచోట అప్లికేషను పెడుతున్నా,” అంది ఆవిడ మెల్లగా. “మిమ్మల్నే ఎందుకు తీసుకోవాలని అడిగారు. ఏం రాయను?”

అతనికి ప్రాణం లేచొచ్చింది. “ఎక్కడక్కా?”

“ముందే చెబితే పని చెడుతుందంటారు. వచ్చాక చెబుతాలెండి.”

అతను తరిచి అడగలేదు. ఎవరి వివరాలు వాళ్లే టైపు చేసుకోవాలి, పక్కవాళ్ల స్క్రీన్ చూడకూడదని మొదటిరోజే నేర్పింది తను. అలవాటుగా గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

“క్లాసులో మీ పక్కన కూర్చునే వంటమనిషికి ఫైలు సేవ్ చేసుకోవడం ఎన్నిసార్లు చూపించారు?”

“ఇరవైసార్లు అయ్యుంటుంది.”

“విసుక్కున్నారా?”

“ఎందుకండీ, ఆవిడ వయసు అలాంటిది.”

“అదే రాయండి. అంత ఓపిక అందరికీ ఉండదు.”

టకటకమని చప్పుడు. అంతలోనే ఆగింది.

“పంపమంటారా మాస్టారూ?” ఆవిడ గొంతు అదోలా ఉంది.

“పంపండక్కా. వెనకాడితే పనులవుతాయా?”

ఆ తర్వాత రోజూ తాళం తీస్తూనే అడిగేవాడు. “ఏమైనా వచ్చిందా అక్కా?” ఆవిడ తల అడ్డంగా ఊపేది. తొమ్మిది రోజులు గడిచాయి. పదోరోజు క్లాసు అయిపోయి అందరూ వెళ్లిపోయినా ఆవిడ కదల్లేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“వచ్చింది మాస్టారూ. మీరు చెప్పిన ఆ ఓపిక సంగతే వాళ్లకి నచ్చిందట.”

అతను కుర్చీలో కూలబడ్డాడు. గట్టెక్కాననుకున్నాడు. ఆనందంతో ఏడ్చిందనుకున్నాడు, తన కళ్లూ చెమర్చాయి. “మీరు నా పరువు కాపాడారక్కా. ఇవాళ ఇంటికెళ్లి కడుపునిండా తింటాను.”

అంతలో సెక్రెటరీ లోపలికొచ్చాడు.

“అక్కకి ఉద్యోగం వచ్చింది సార్,” అన్నాడు మాస్టారు గర్వంగా. “నెల దాటకుండానే.”

“తెలుసండీ,” అన్నాడు సెక్రెటరీ, కిటికీలోంచి ఎటో చూస్తూ. “క్లాసు ఆగదు. రేపు కూడా తొమ్మిదింటికే.”

టైలరక్క తలెత్తకుండానే తాళంచెవి కోసం చెయ్యి చాపింది.