గేటు పక్కన ఊడుగ చెట్టు

ఎదురింటి రవీందర్ గొడ్డలి పట్టుకునే వచ్చాడు. అతని వెనక ఆ వీధి ఆడవాళ్లు నలుగురు.

ఆండాళు గేటు తీయలేదు. ఊడుగ చెట్టుకు పైపుతో నీళ్లు పడుతూనే ఉంది. అడవిలో పెరిగే చెట్టు, ఒళ్లంతా ముళ్లు. ఎండలకు ఆకంతా రాల్చేసి తెల్లగా పూసింది. సూర్యాపేటలో ఇంటి ముందు ఊడుగను పెంచే మొండిమనిషి బహుశా ఈమె ఒక్కతే.

“పొద్దుగాల సిద్ధాంతి గారికి మా ఇల్లు సూపెట్టిన ఆండాళమ్మా. గడపకెదురుంగ ముండ్లచెట్టు ఉంటే పనులు సాగయన్నరు. బోరెండింది, దుకాణం నడుస్తలేదు. అంతా దీనితోనే,” అన్నాడు రవీందర్.

“ఆడలేక మద్దెల ఓడన్నట్టున్నది. బోరు ఎండలకు ఎండింది.”

ఆ వీధిలో గోడ లేపాలన్నా, గడప మార్చాలన్నా సిద్ధాంతి నోటి మాటే వేదం.

“ఆయన మాట మీద కాసే నిమ్మచెట్టు కొట్టేసిన,” అంది ఆ నలుగురిలో ఉన్న సరోజన. “సుక్కమ్మ గులాబీలు పీకేసింది. మాకో న్యాయం, మీకో న్యాయమా?”

ఆ మాట మాత్రం గుచ్చుకుంది. నిమ్మచెట్టు కూలిన రోజు ఆండాళుకూ అన్నం సయించలేదు.

కానీ ఇది పుట్టింటి మొక్క. మఠంపల్లి దగ్గర సున్నపురాతి గుట్ట మీద మొలిచింది. సిమెంటు కోసం గుట్టను పేల్చేస్తారని తెలిసి, తనే తవ్వి, తడి గోనెలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకుంది. ముళ్లకు చీర చిరిగింది. ఇప్పుడా గుట్ట లేదు. ఇదీ పోతే చిన్నప్పటిదంటూ ఆమెకు ఇంకేమీ మిగలదు.

రవీందర్ గొంతు తగ్గించాడు. “సిద్ధాంతి గారి మాట మీరే ఇనకపోతే ఇగ వాడలో ఎవరింటరమ్మా?”

“ఇనకుంటేనే మంచిది.”

“ఆయనే కొట్టమంటే?”

“గొడ్డలి ఆయన చేతికే ఇయ్యి. నా ముందర కొట్టమను, సూస్త.”

రవీందర్ ఫోన్ చేశాడు. మళ్లీ చేశాడు.

“ఎత్తుతలేరు.”

“ఎత్తరు,” అంది ఆండాళు.

రవీందర్‌కు రోషం వచ్చింది. గేటు మీంచి చేయి చాచి కొమ్మ పట్టుకున్నాడు. ఆండాళు పైపు అతని మీదికి తిప్పింది. చొక్కా తడిసి ముద్దయింది. ముందు నవ్వింది సరోజనే.

“చెట్టు మీద దెబ్బ పడాలంటే ముందు నా మీద పడాలె. పోండ్రి ఇగ.”

గొణుక్కుంటూ పోయారు. చివరగా కదిలిన సరోజన ఒక పూలరెమ్మ అడిగి తీసుకుంది.

ఆండాళు లోపలికి వచ్చి, తలుపు గడియ పెట్టి, దేవుడి గదిలో నక్కి కూర్చున్న మొగుడితో అంది: “పోయిన్రు గని, ఇగ లేచి అన్నానికి రండి, సిద్ధాంతి గారూ.”