నోటిదాకా వచ్చిన ముద్ద

"పాడైన మాంసమని ఇంకొక్కసారి అన్నావంటే నీ నాలుక కోస్తా!"

హోటలు యజమాని, తనిఖీకి వచ్చిన అధికారి గొంతు పట్టుకుని, వంటగది గోడకు అదిమి, కత్తి ఎత్తాడు.

"నా నాలుక కోసినా దాని కంపు పోదండీ," అన్నాడు అధికారి, ఊపిరాడకపోయినా.

ఆ కేకలకు గల్లాపెట్టె వదిలి యజమాని భార్య పరుగున వచ్చింది. భర్త మీద నింద ఆమె సహించలేకపోయింది.

"మా ఆయన వంటకే వంకలు పెడతారా? మీ కళ్ళముందే తింటాను, చూడండి!"

పొయ్యి మీది మాంసం పింగాణీ పళ్ళెంలో వడ్డించుకుని, ముద్ద నోటిదాకా తెచ్చింది.

యజమాని అధికారిని వదిలేసి, ఒక్క ఉరుకున వచ్చి ఆమె చేతిని బలంగా కొట్టాడు. పళ్ళెం నేలపై పడి ముక్కలైంది. కత్తి అంచు తగిలి ఆమె అరచేయి తెగింది.

"పిచ్చిదానా, చస్తావే!"



ఆమె నెత్తురు తుడుచుకోలేదు.

"నన్ను తిననివ్వలేదు. మరి బయట తింటున్నవాళ్ళో?"

ఆమె భోజనశాలలోకి నడిచింది. మొదటి బల్ల బోర్లాపడిన చప్పుడు వంటగదిలోకి వినిపించింది. వెంటనే రెండవది.