క్రాపు చెదరని ఆటగాడు

సిగ్గూ శరం ఉన్న మనిషైతే ఆ హాల్లో మళ్లీ అడుగు పెట్టడు. క్రాపుగాడు మాత్రం పెట్టాడు. ఆదివారం వచ్చిందంటే చాలు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నున్నగా తల దువ్వుకుని ఊడిపడతాడు.

ఒకప్పుడు పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులో మిడ్‌ఫీల్డర్. మైదానం మధ్యలో నిలబడి, వెనకవాళ్లిచ్చిన బంతిని ముందువాళ్లకు అందించడం పని. కాళ్లతో బాగానే ఆడేవాడు, కాదనలేం. బంతి గాల్లో వస్తే మాత్రం మెడ ముడుచుకుని పక్కకు తప్పుకునేవాడు. తలతో కొడితే కళ్లు బైర్లు కమ్ముతాయట. మిగతావాళ్లవి తలకాయలు కావు కాబోలు. క్రాపు చెదురుతుందని భయంరా వీడికి అని జట్టంతా నవ్వి, ఆ పేరే ఖాయం చేసింది.

ఫైనల్లో ఆఖరి కార్నర్ కిక్ నేరుగా అతని నెత్తిమీదికే వచ్చింది. నుదురు ఆనిస్తే గోల్. మహానుభావుడు వంగాడు. కప్పు పోయింది.

ఆ రోజు నుంచి కెప్టెన్ అతన్ని పిలవడమే మానేశాడు. ఆటకు దూరమై ఇన్నేళ్లయినా క్రాపుకి ఒకటే ఆశ. ఆ నోటితో "ఒరేయ్ క్రాపూ" అని ఒక్కసారి పిలిపించుకోవాలి. ఆశకేం, ఎవరికైనా ఉంటుంది.

కిటికీ పక్క బల్ల చుట్టూ పాత జట్టువాళ్లు కూర్చుని టీ తాగుతున్నారు. క్రాపుని చూసి గోల్‌కీపర్ మొహం తిప్పుకున్నాడు. గాల్లో వచ్చిన ప్రతి బంతినీ నుదుటితో వెనక్కి పంపిన డిఫెండర్, చాచిన చేతిని పట్టించుకోకుండా టీలో బిస్కెట్టు ముంచుకున్నాడు. కూర్చోమన్న నాథుడు లేడు. తనే కుర్చీ లాక్కున్నాడు.

కెప్టెన్ ఎగాదిగా చూశాడు.

"ఎవడ్రా వీడు?"

డిఫెండర్ పగలబడి నవ్వాడు. క్రాపు కూడా నవ్వాడు. ఏం చేస్తాడు మరి.

"మా జట్టులో ఒకడుండేవాడు, క్రాపుగాడని," కెప్టెన్ అతని మొహం మీదే అందుకున్నాడు. "తల పెట్టరా అంటే వంగాడు, వెధవ. వాడి వల్లే కప్పు పోయింది."

"అవును, ఉత్త పిరికివాడు," అన్నాడు క్రాపు.

ఎంత తిట్టినా దులిపేసుకునే రకం. పైగా కెప్టెన్ గడ్డం మీద కారిన టీని తన జేబురుమాలుతో తుడిచాడు. కాకా పట్టాలంటే మాత్రం ఎంతైనా ముందుకొస్తాడు.

గంట మోగింది. క్రాపు లేచి, వచ్చే ఆదివారం మళ్లీ వస్తానన్నాడు.

"ఎందుకూ?" అన్నాడు కెప్టెన్.

తలతో బంతిని కొట్టీ కొట్టీ మతి పోయిన ఆ జట్టులో ఇంటికి దారి గుర్తున్నవాడు క్రాపు ఒక్కడే కాబట్టి, నర్సు అతన్ని మాత్రమే బయటికి పంపి వార్డు తలుపుకు మళ్లీ తాళం వేసింది.