దొరగారి చెవులు

"వియన్నాకా? నువ్వా?" కౌంట్ థానెగ్ పగలబడి నవ్వాడు. "అక్కడ నీలాంటి వాళ్లు వీధికి పదిమంది దొరుకుతారోయ్. తిండిలేక మాడి చస్తావు."

"మాడితే మాడతాను దొరా. నన్ను కొలువు నుంచి వదిలెయ్యండి, అంతే చాలు," అన్నాడు వెన్‌జెల్ హావ్లిక్.

అతడు ఆ కోటలో ఆస్థాన సంగీతకర్త. హోదా పేరుకే. తొడుక్కునేది నౌకర్ల నీలం కోటు, తినేది వంటవాళ్లతో కలిసి. రాసిన ప్రతి స్వరమూ దొరగారి సొత్తు. దొర వదిలితే తప్ప ఇంకో చోట పని చెయ్యడానికి వీల్లేదు. వియన్నాలో తన ఆపెరా, అంటే పాటల నాటకం, ఒక్కటైనా ఆడాలని మనిషి కొట్టుకుపోతున్నాడు.

"ఆదివారం విందుకు వియన్నా నుంచి అతిథులొస్తున్నారు. మన వాద్యబృందానికి కొత్త సింఫనీ కావాలి. ముందు ఆ సంగతి చూడు," అనేసి కౌంట్ కుక్కల్ని వెంటేసుకుని వేటకు పోయాడు.

వెన్‌జెల్ పళ్లు నూరుకుంటూ సాధన గదికి వచ్చాడు. అక్కడ మొదటి వయొలిన్ వాయించే పాంక్రాట్స్ ఉన్నాడు, చిన్ననాటి స్నేహితుడు.

"అడిగితే వీడు వదలడురా. వీడంతట వీడే నన్ను తరిమెయ్యాలి."

"ఎందుకు తరుముతాడు?"

"అతిథుల ముందు పరువు తీస్తే తరమడూ? చెవులు చిల్లులు పడేలాంటి చెత్త రాసి పారేస్తాను."

"ఒరేయ్, పోయేది నీ పేరేరా!"

"ఎవరి దగ్గర? ఆ తిండిపోతుల దగ్గరా? విగ్గు కిందికి జారకుండా ఆపడానికి తప్ప వాళ్ల చెవులు ఎందుకు పనికొస్తాయి?"

అన్నంత పనీ చేశాడు. ఆదివారం విందులో హార్న్ బూరలు ఒక శ్రుతిలో, వయొలిన్లు మరో శ్రుతిలో మోగాయి. జోలపాటలా మెల్లగా సాగాల్సిన చోట ఢంకాలు దద్దరిల్లాయి. వాయించేవాళ్లే సిగ్గుతో తలలు దించుకున్నారు.

తినేవాళ్లు మాత్రం తల ఎత్తితే ఒట్టు. ఒక దొరసాని బాతు మాంసం సరిగ్గా ఉడకలేదని సణుగుతోంది. కౌంట్ ఎముక చీకుతూ కాలితో తాళం వేస్తున్నాడు. అదీ తప్పు తాళమే. వెన్‌జెల్‌కు ఒళ్లు మండిపోయింది. గాడిదలు! ఇంతకన్నా చెడగొట్టడం తన వల్ల కూడా కాదు. ఇంకా గట్టిగా బాదమని ఢంకావాడికి సైగ చేశాడు.

అప్పుడు బల్ల చివర కూర్చున్న పెద్దమనిషి ఒకడు చేతిరుమాలు విసిరికొట్టి, లేచి, బయటికి నడిచాడు. కాసేపటికి బండి కదిలిన చప్పుడు కూడా వినిపించింది. వెన్‌జెల్‌కు ప్రాణం లేచొచ్చింది. ఇంతమందిలో ఒక్కడికైనా చెవులున్నాయి! దొర పరువు పోయింది, ఇక తన పని అయినట్టే.

విందు ముగియగానే దొర రమ్మంటున్నారని కబురొచ్చింది. ఆ నీలం కోటు మొహాన పడేసి పోదామని, గుండీలు విప్పుకుంటూనే వెళ్లాడు.

"నన్ను తీసేశారా దొరా?" ఆశగా అడిగాడు.

"తియ్యడమెందుకోయ్?" కౌంట్ పుల్లతో పళ్లు కుట్టుకుంటూ అన్నాడు. "బాగానే ఉందిగా. నువ్వు రాసేవన్నీ ఇలాగే ఉంటాయి."

గుండీలు విప్పుతున్న వెన్‌జెల్ చేతులు ఆగిపోయాయి. ఇన్నేళ్లుగా తాను ప్రాణం పెట్టి రాసిందంతా వీడికి ఇలాగే వినిపించిందా?

"ఆ మధ్యలో లేచి వెళ్లినాయనకే నచ్చలేదు," అన్నాడు కౌంట్ ఆవలిస్తూ. "నిన్ను జన్మలో తన గడప తొక్కనివ్వనన్నాడు. వియన్నాలో ఆపెరా థియేటర్ ఆయనదేలే. నీ నస భరించలేక, నిన్ను వెంట తీసుకుపొమ్మని నేనే పిలిపించాను."