దుమ్ము రాని వ్యాన్

“ఎలుతురు వచ్చే సందులకెల్లే దుమ్ము గూడ వస్తది. ఏడికెల్లి వస్తుందో జర సూసి చెప్పు,” అని నా భార్య ఊర్మిళను వ్యాన్‌లోకి ఎక్కించి, వెనక తలుపు మూశాను.

నా వ్యాన్‌లో పాండేసరకు చేరవేసిన చీరలకు దుమ్ము పట్టిందని అక్కడి సేటు రెండోసారి వాపసు పంపాడు. ఇంకోసారైతే కిరాయికి పిలవడం మానేస్తానన్నాడు. అందుకే తలుపు చుట్టూ కొత్త రబ్బరు నేనే అతికించాను. మెకానిక్‌కు నాకన్నా ఎక్కువ తెలుసని ఒప్పుకోవడం మా వంశంలో లేదు.

బయట నిలబడి ఆ రబ్బరు గొప్పతనమంతా వివరించాను. లోపలి నుంచి ఊకొట్టిన చప్పుడు కూడా లేదు. ఊపిరాడడం లేదేమో. నా పనితనం మీద మొదటిసారి నాకే భయమేసింది. తలుపు లాగాను.

ఊర్మిళ కళ్లు మూసుకుని, రేకుకు ఆనుకుని కూర్చుంది.

“ఏమైందే? ఎలుతురు వస్తుందా?”

“సూడలే. ఈ లింబాయత్‌కు వచ్చినప్పటి సంది గల్లీల బట్ట నేసే సాంచల సప్పుడు ఇనవడని జాగ ఇదొక్కటే. మల్ల ముయ్యి.”

“నేను జెప్పిందన్న ఇన్నవా?”

“అది గూడ ఇనవడలే,” అంది, ఎంతో హాయిగా.

తలుపు మూశాను. అలవాటుగా ఏదో చెప్పబోయి, ఎవరికని ఆగిపోయాను.

అప్పుడు, ఇన్నేళ్లలో మొదటిసారి, గల్లీలోని మరమగ్గాల మోత నాకూ వినిపించింది.